దూరపు చుట్టరికం: వరస వేరు, దూరం వేరు



నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరయినవాడిని. పాఠాలు చెప్పడం నా వృత్తి కాదు. మన స్కాలర్‌షిప్పుల పంపిణీ రోజున జరిగిన ఒక చిన్న సంగతి చూసి, దాన్ని పాఠంగా రాసి ఇవ్వమని ట్రస్టు పెద్దలు అడిగారు. అందుకే ఈ వ్యాసం.

ఆ సభ గుడియాత్తంలో జరిగింది. చెక్కు అందుకున్నవారిలో పాలిటెక్నిక్ చదివే గుడియాత్తం అబ్బాయి ఒకడు, నర్సింగు చదివే వేలూరు అమ్మాయి ఒకతె ఉన్నారు. భోజనాల దగ్గర అమ్మాయి నాయనమ్మ ఆ అబ్బాయిని చూసి, "వీడు మా అన్న మనవడే. మా పిల్లకు వరసకు బావ. చదువులు అయిపోతే మాట్లాడుకుందాం" అంది. పక్కనే కూర్చున్న అబ్బాయి అమ్మమ్మ వెంటనే, "అదేం మాట వదినా! ఈ పిల్ల మా అక్క మనవరాలు. వాడికి చెల్లెలవుతుంది" అంది. పిల్లలిద్దరూ తల వంచుకుని విస్తరి చూసుకుంటూ ఉండిపోయారు. పెద్దల్లో కొందరు ఇటు, కొందరు అటు చేరారు. చివరికి "బ్యాంకు ఆయన లెక్క చూసి చెబుతాడు" అని నన్ను పిలిచారు.

ఆ రెండు మాటలూ నిజమే. విడివిడిగా అందరికీ తెలిసినవే. రెండింటినీ ఒక కాగితం మీద పెట్టి ఎవరూ చూడలేదు, అంతే. బ్యాంకులో రెండు లెడ్జర్లు వేరువేరుగా సరిగానే ఉంటాయి, కలిపి చూసినప్పుడే తేడా బయటపడుతుంది. చుట్టరికంలోనూ అలాగే. ఆ రోజు కాగితం మీద నేను చేసిన లెక్కనే ఇక్కడ మెట్టు మెట్టుగా చెబుతాను.

1. చెట్టు గీయడం

ముందుగా గుర్తులు. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం. భార్యాభర్తల మధ్య అడ్డగీత, పిల్లలకు కింద నిలువుగీత. పెళ్ళికి ముందే రక్తసంబంధం ఉన్న దంపతులకు జంట గీత. ఇవి ఆసుపత్రుల్లో వాడే గుర్తులు. నర్సింగు చదివే ఆ అమ్మాయే నాకు చెప్పింది. ఒక తరం వారంతా ఒకే వరుసలో ఉండాలి. వయసు చూసి పైకీ కిందికీ జరపకూడదు. మన ఇళ్ళలో కొడుకు వరస వాడికంటే చిన్నవాడైన చిన్నాయన ఉండడం మామూలే.

ప్రతి మనిషి దగ్గరా నాలుగు వివరాలు రాయాలి: పేరు, పుట్టిన ఊరు, పుట్టింటి ఇంటిపేరు, ఉజ్జాయింపు సంవత్సరం. ఇంటిపేరు మాత్రం మరవకండి. తమిళనాడులో మన పిల్లల సర్టిఫికెట్లలో తండ్రి పేరు మొదటి అక్షరమే ఇనిషియల్‌గా ఉంటుంది. ఇంటిపేరు కాగితాల మీద కనబడక, పెద్దల నోట్లోనే మిగిలిపోతోంది. సంవత్సరం తెలియని పెద్దలను "కామరాజర్ గుడియాత్తం ఉప ఎన్నికలో నిలబడినప్పటికి మీకు పెళ్ళయిందా?" అని అడగండి. అది 1954. అలాంటి ఒక గుర్తు దొరికితే మిగతావి దాని చుట్టూ సర్దుకోవచ్చు.

ఊళ్ళ విషయంలోనూ జాగ్రత్త అవసరం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు చిత్తూరు, పలమనేరు, గుడియాత్తం, వేలూరు అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోవే. ఒకే ఇంటి ఆడపిల్లలు ఈ ఊళ్ళన్నిటికీ కోడళ్ళుగా వెళ్ళారు. తరువాత పలమనేరు ఒక రాష్ట్రంలో, గుడియాత్తం ఇంకో రాష్ట్రంలో పడ్డాయి. 2019లో వేలూరు జిల్లా కూడా మూడుగా విడిపోయి, ఆంబూరు తిరుపత్తూరు జిల్లాకు వెళ్ళింది. ఇలా ఒకే కుటుంబం కాగితాలు ఈ రోజు మూడు నాలుగు జిల్లాల్లో ఉండవచ్చు.

ఇక మన ఉదాహరణ. పేర్లకు బదులు లెడ్జరు నంబర్లలా అక్షరాలు వాడుతున్నాను.

మొదటి దారి (తండ్రుల వైపు):
గుడియాత్తం శాఖ: క1 (అన్న), అతని కొడుకు క2, అతని కొడుకు క3. మన అబ్బాయి ఇతనే.
వేలూరు శాఖ: చ1 (చెల్లెలు), ఆమె కొడుకు చ2, అతని కూతురు చ3. మన అమ్మాయి ఈమె.

రెండో దారి (తల్లుల వైపు): అబ్బాయి అమ్మమ్మ, అమ్మాయి అమ్మమ్మ సొంత అక్కచెల్లెళ్ళు. ఒకరిని పలమనేరుకు, ఒకరిని ఆంబూరుకు ఇచ్చారు. వారి కూతుళ్ళు ఒకరు గుడియాత్తానికి, ఒకరు వేలూరుకు కోడళ్ళుగా వచ్చారు.

2. దూరం లెక్క

ఇద్దరి మధ్య దూరం తెలియాలంటే ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న పూర్వీకులను పట్టుకోవాలి. అక్కడికి ఇటు నుంచి ఎన్ని మెట్లు, అటు నుంచి ఎన్ని మెట్లు అని లెక్కపెట్టాలి. మనల్ని మనం లెక్కలో వేసుకోకూడదు. మన అబ్బాయి నుంచి తండ్రి ఒకటి, తాత రెండు, ముత్తాత మూడు. అమ్మాయి నుంచి తండ్రి ఒకటి, నాయనమ్మ రెండు, ఆమె తండ్రి మూడు. అంటే ఇటు మూడు, అటు మూడు.

ఇంగ్లీషులో కజిన్ లెక్క దీనిమీదే నడుస్తుంది. రెండు సంఖ్యల్లో చిన్నదాని నుంచి ఒకటి తీసేయండి. అదే కజిన్ నంబరు. మూడులోంచి ఒకటి పోతే రెండు, కాబట్టి వీరు సెకండ్ కజిన్స్. రెండు వైపులా మెట్లు సమానంగా లేకపోతే ఆ తేడాను 'రిమూవ్డ్' అంటారు. ఉదాహరణకు మన అబ్బాయికీ అమ్మాయి తండ్రికీ చూడండి. ఇటు మూడు, అటు రెండు. రెండులోంచి ఒకటి పోతే ఒకటి. తేడా ఒకటి. అందుకని ఫస్ట్ కజిన్ వన్స్ రిమూవ్డ్. ఇంత పొడుగు మాటకు తెలుగులో రెండక్షరాలు చాలు: మామ.

రక్తంలో వాటా ఎంత అనేది కూడా ఈ మెట్లతోనే తేలుతుంది. ఒక్కో మెట్టుకు వాటా సగమవుతుంది. పైకి మూడు, కిందికి మూడు, మొత్తం ఆరు మెట్లు. సగాన్ని ఆరుసార్లు గుణిస్తే 1/64. ముత్తాత, ముత్తవ్వ ఇద్దరూ ఉమ్మడే కాబట్టి రెండింతలు చేస్తే 1/32. ఇది సగటు లెక్క. ఇదే పద్ధతిలో సొంత మేనత్త మేనమామ బిడ్డల మధ్య 1/8, మేనమామకూ మేనకోడలికీ మధ్య 1/4 వస్తుంది. చేసి చూసుకోండి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. చిన్నాయన కొడుకూ, మేనత్త కొడుకూ మనకు ఒకే దూరం. ఇద్దరితోనూ 1/8. ఒకరిని అన్న అంటాం, ఒకరిని బావ అంటాం. అంటే మన వరసల్లో దూరం కనబడదు. వరసకు లెక్క వేరే ఉంది.

3. వరస లెక్క

పెద్దవాళ్ళు వేళ్ళ మీద చెప్పే వరస కేవలం జ్ఞాపకశక్తి కాదు. దాని వెనుక ఒక కచ్చితమైన సూత్రం ఉంది. ఎనిమిదో తరగతి లెక్కల్లో గుర్తుల గుణకారం వచ్చినవారికి అది వెంటనే అర్థమవుతుంది.

అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ వరసను ప్లస్ అనుకోండి. బావ, బామ్మర్ది, మరదలు, వదిన వరసను మైనస్ అనుకోండి. అలాగే ఇద్దరూ మగవారు లేదా ఇద్దరూ ఆడవారు అయితే ప్లస్. ఒకరు మగ, ఒకరు ఆడ అయితే మైనస్. ఇప్పుడు ఇద్దరు మనుషుల బిడ్డల మధ్య వరస కావాలంటే ఆ ఇద్దరి వరస గుర్తునూ, మగ ఆడ గుర్తునూ గుణించండి.

అన్నదమ్ముల బిడ్డలు: ప్లస్ ఇంటూ ప్లస్, ప్లస్. అన్నాచెల్లెళ్ళ వరస.
అన్నా చెల్లెళ్ళ బిడ్డలు: ప్లస్ ఇంటూ మైనస్, మైనస్. బావా మరదళ్ళ వరస.
బావా బామ్మర్దుల బిడ్డలు: మైనస్ ఇంటూ ప్లస్, మైనస్. మళ్ళీ బావా మరదళ్ళ వరస.
వరసకు బావా మరదళ్ళయిన ఇద్దరు వేరువేరు చోట్ల పెళ్ళి చేసుకుంటే వారి బిడ్డలు: మైనస్ ఇంటూ మైనస్, ప్లస్. అన్నాచెల్లెళ్ళ వరస.

చివరిది చాలామందికి వింతగా ఉంటుంది. ఆలోచిస్తే సబబుగానే ఉంది. మా నాన్నకు మరదలైన ఆవిడ నాకు పిన్ని వరస. పిన్ని బిడ్డలు నాకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళే కదా.

మన ఉదాహరణకు వద్దాం. క1, చ1 అన్నా చెల్లెళ్ళు. వారి బిడ్డలు క2, చ2 మధ్య మైనస్. ఆ ఇద్దరూ మగవారు, కాబట్టి వారి బిడ్డల మధ్య కూడా మైనస్. నాయనమ్మ చెప్పినట్టే బావా మరదళ్ళు. రెండో దారిలో అమ్మమ్మలు అక్కచెల్లెళ్ళు, ప్లస్. వారి కూతుళ్ళు అక్కచెల్లెళ్ళు, ప్లస్. వారి బిడ్డలు అన్నాచెల్లెళ్ళు. అమ్మమ్మ చెప్పిందీ తప్పు కాదు.

మరి తేడా ఎక్కడ వచ్చింది? వరసకు బావా బామ్మర్దులైన క2, చ2 ఇద్దరూ వరసకు అక్కచెల్లెళ్ళను చేసుకున్నారు. బావ భార్య మనకు అక్కచెల్లెలి వరస. ఆమె అక్కచెల్లెళ్ళు కూడా అదే వరస. కాబట్టి వీటిలో రెండో పెళ్ళి నాటికే వరస తప్పింది. పలమనేరు ఒక వైపు, ఆంబూరు ఒక వైపు. అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

4. మన వరసలు అమెరికా దాకా

ఈ పద్ధతి ప్రపంచానికి తెలియడంలో మన ఆర్కాటు సీమకు ఒక పాత్ర ఉంది. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రం రాచెస్టరులో లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే న్యాయవాది ఉండేవాడు. అక్కడి సెనెకా అనే ఆదివాసులు తండ్రి అన్నదమ్ములను కూడా తండ్రి అనే పిలవడం, మేనమామను మాత్రం వేరే మాటతో పిలవడం ఆయన గమనించాడు. లోకంలో ఇంకెవరైనా ఇలా పిలుస్తారా అని వెతికాడు. 1859లో, ఆర్కాటు మిషన్‌లో పనిచేస్తూ అప్పటికి అమెరికా వచ్చి ఉన్న స్కడర్ కుటుంబపు మిషనరీ ఒకరి ద్వారా తమిళుల, తెలుగువారి వరసలు తెలుసుకుని ఆశ్చర్యపోయాడు. మనం పెదనాన్న, చిన్నాయన అంటాం. ఆ మాటల్లోనే నాన్న ఉన్నాడు. పెద్దమ్మ, చిన్నమ్మలో అమ్మ ఉంది. మామ, అత్త మాత్రం వేరు.

మోర్గాన్ ప్రపంచం నలుమూలల నుంచి ఇలాంటి వరసలు సేకరించి 1871లో పెద్ద గ్రంథం వెలువరించాడు. అందులోని పట్టికల్లో తెలుగు వరసలూ ఉన్నాయి. తరువాత 1981లో థామస్ ట్రాట్‌మన్ అనే చరిత్రకారుడు 'ద్రవిడియన్ కిన్‌షిప్' అనే పుస్తకం రాశాడు. 1900లో వేలూరులో ఆసుపత్రి స్థాపించిన డాక్టర్ ఐడా స్కడర్ కూడా ఆ స్కడర్ కుటుంబం ఆవిడే. మన అవ్వలు చెప్పే వరసలు పండితులు చదివే పాఠం అని పిల్లలు తెలుసుకోవాలని ఇదంతా రాశాను.

5. మూడు చోట్ల మూడు జవాబులు

వరస తెలిస్తే చాలదా, దూరం ఎందుకు అని అడగవచ్చు. మా ఇంటి సంగతి చెబుతాను.

మా నాన్న మా అమ్మకు సొంత మేనమామ. అందువల్ల మా అమ్మమ్మ నాకు మేనత్త కూడా. చిన్నప్పుడు ఆవిడను అవ్వా అనాలో అత్తా అనాలో తెలియక, రెండూ అనేవాడిని. మా చెల్లెలికి పుట్టుకతోనే వినికిడి లేదు. వేలూరులో డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళినప్పుడు ఆయన "మీకూ మీ ఆవిడకూ పెళ్ళికి ముందు చుట్టరికం ఉందా?" అని అడిగారు. మా నాన్న, "చుట్టరికమేం లేదండీ, మా సొంత అక్క కూతురే" అన్నాడు. చుట్టం అంటే పైవాడు, అక్క కూతురు చుట్టం ఎలా అవుతుంది అని ఆయన లెక్క. డాక్టరు ఏమీ అనకుండా కాగితం మీద జంట గీత గీశారు. దానివల్లే అలా జరిగిందని ఎవరూ రూఢిగా చెప్పలేదు, నేనూ చెప్పను. డాక్టరుకు కావలసింది దూరం, మనం చెప్పింది వరస. ఆ తేడా మాత్రం నేను మరచిపోలేదు.

డాక్టరు లెక్కలో బావ అయినా అన్న అయినా ఒకటే, ఎన్ని మెట్లు అనేదే ముఖ్యం. పుట్టే బిడ్డల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక పుట్టు లోపం ఉండడం ఎక్కడైనా ఉన్నదే. తల్లిదండ్రులు ఫస్ట్ కజిన్స్ అయితే దానికి ఇంకో రెండు మూడు కలుస్తుంది. అంటే అలాంటి పెళ్ళిళ్ళలోనూ ఎక్కువమంది బిడ్డలు ఆరోగ్యంగానే పుడతారు. కానీ ఇంట్లో ఇప్పటికే ఒక జబ్బు కనబడి ఉంటే తప్పక డాక్టరును అడగాలి. మన ఉదాహరణలో దారులు రెండు కాబట్టి వాటాలు కూడాలి: 1/32, 1/32, మొత్తం 1/16. "దూరపు చుట్టాలే" అనుకున్నవారు లెక్క తేలేసరికి సొంత మేనరికంలో సగం దగ్గరకు వచ్చారు.

చట్టం లెక్క ఇంకొకటి. 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం తండ్రి ద్వారా పైకి ఐదు తరాలు, తల్లి ద్వారా మూడు తరాలు చూడాలి. ఇక్కడ మనమే మొదటి తరం. ఇద్దరి హద్దుల్లోనూ ఒకే పూర్వీకుడు పడితే వారు సపిండులు. వారి మధ్య పెళ్ళిని ఒప్పుకునే ఆచారం ఇద్దరికీ ఉంటే తప్ప అది చెల్లదు. మన పిల్లలకు తండ్రుల దారిలో ముత్తాత నాలుగో తరం, ఐదు లోపలే. కాబట్టి సపిండులు. తల్లుల దారిలోనూ నాలుగో తరమే, కానీ హద్దు మూడే. అది లెక్కలోకి రాదు. చూశారా, పెద్దలు బావా మరదళ్ళని ఒప్పుకునే దారిని చట్టం ఆచారం ఉంటేనే ఒప్పుకుంటుంది. పెద్దలు అన్నాచెల్లెళ్ళని వద్దనే దారిని చట్టం పట్టించుకోదు. ఇంటి పెద్దకు ఒక జవాబు, డాక్టరుకు ఒక జవాబు, చట్టానికి ఒక జవాబు. కానీ కాగితం ఒక్కటే.

ఆస్తి విషయంలోనూ ఇంతే. 1956 హిందూ వారసత్వ చట్టంలో దూరపు బంధువుల డిగ్రీలు లెక్కపెట్టేటప్పుడు చనిపోయినవారినే మొదటి డిగ్రీగా తీసుకుంటారు. నేను బ్యాంకులో ఉండగా పెళ్ళికాని ఒక పెద్దాయన ఫిక్స్‌డ్ డిపాజిట్టు మిగిలిపోయింది. డిపాజిట్లకు నామినేషను సౌకర్యం 1985లోనే వచ్చినా ఆయన రాయలేదు. చివరి రోజుల్లో ఆయనను చూసుకున్న మనిషి "ఆయన మా చిన్నాయన" అని వచ్చాడు. అది అబద్ధం కాదు. ఎలా చిన్నాయన అని అడిగితే మాత్రం తాత పేరు దాకా వచ్చి ఆగిపోయాడు. నేను రిటైరయ్యే నాటికి ఆ ఫైలు బీరువాలోనే ఉంది. మీ ఇళ్ళలో నామినేషను రాశారో లేదో ఈ రోజే చూసుకోండి.

6. సెలవుల్లో చేయవలసిన పని

మే నెలలో గంగమ్మ శిరస్సు తిరునాళ్ళకు గుడియాత్తంలో ఇంటింటా బంధువులు దిగుతారు. చెట్టు గీయడానికి అంతకంటే మంచి సమయం లేదు.

ఒకటి, ఇంట్లో అందరికంటే పెద్దావిడ దగ్గర మొదలుపెట్టండి. మగవారు పొలం హద్దులు చెబుతారు, ఆడవారు ఎవరిని ఎక్కడికి ఇచ్చారో చెబుతారు. మనకు కావలసింది రెండోది.
రెండు, నాన్న వైపు ఎంత రాస్తారో అమ్మ వైపూ అంతే రాయండి. మన ఉదాహరణలో తేడా తల్లుల వైపే ఉంది.
మూడు, ఒకరు చెప్పింది పెన్సిలుతో రాయండి. ఇంకొకరు కూడా అదే చెబితే పెన్నుతో దిద్దండి.
నాలుగు, చిన్నతనంలో పోయినవారినీ, పుట్టుకతో జబ్బు ఉన్నవారినీ దాచకండి. ఆ వివరం రేపు ఒక బిడ్డకు ఉపయోగపడవచ్చు. అలాంటి కాగితాన్ని ఊరంతా చూపించనూ వద్దు.

అభ్యాసం: మీ నాన్నకు మేనత్త కూతురు ఉంది. ఆమెను బయటి సంబంధానికి ఇచ్చారు. ఆమె కొడుకు మీకు ఏమవుతాడు? వరస, దూరం రెండూ చెప్పండి. (జవాబు: అన్న లేదా తమ్ముడు. సెకండ్ కజిన్. వాటా 1/32.)

ఆ రోజు సంగతి ముగిస్తాను. కాగితం చూశాక నాయనమ్మ కాసేపు ఊరుకుని, "సరేలే, ముందు చదువుకోనీ" అంది. ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అబ్బాయి మాత్రం నా దగ్గరకు వచ్చి, "తాతా, ఇంతకీ నేను ఆమెను ఏమని పిలవాలి?" అని అడిగాడు. అమ్మాయి పక్కనుంచి "పేరు పెట్టి పిలువు" అంది. అని, ఆ కాగితం తీసుకుని జెరాక్సు తీయించడానికి వెళ్ళింది.

మా అమ్మమ్మకు ఐదు తరాల వరసలు నోటికి వచ్చు. నేను బి.కాం. చదివి, ఊరివాళ్ళ లెక్కలన్నీ రాశాను. ఆవిడ చెప్పింది మాత్రం ఒక్క పేజీ రాసుకోలేదు. మీరు ఆ తప్పు చేయకండి. మీ అందరికీ చదువులో శుభం కలగాలని కోరుకుంటూ సెలవు.